లైప్‌జిగ్ వెళ్లే ముందు

మహారాణిపేటలో మా మందుల షాపు.
గాజు కౌంటర్ మీద చీటీ పరిచింది పైడిరాజమ్మ గారు,
పోర్టు ఆసుపత్రిలో ముప్పైరెండేళ్లు నర్సు,
పదిరోజులు లైప్‌జిగ్ చూడ్డానికి పోతోంది, ఒక్కతే.

బీపీ మాత్రలు పదికి పధ్నాలుగు కట్టాను.
"విమానం లేటయితే?" ఇంకో రెండు.
డాక్టరు చీటీ పెట్టెలో వద్దు, చేతిసంచీలో ఉంచండన్నాను.
నవ్వింది. జీవితమంతా ఆ మాట చెప్పింది తనే.

అక్కడ కుళాయి నీళ్లు అలాగే తాగొచ్చట.
"మరగబెట్టకుండా గొంతు దిగుద్దేటి?"
ఎర్రరంగు దారి సైకిళ్లదట, దాంట్లో నిలబడి
మేడలకేసి చూడకూడదట.
ఆదివారం మందుల షాపులు దాదాపు అన్నీ మూతేనట.
నేను తెరుస్తానుగా అని
ఎందుకో కాస్త గర్వపడ్డాను.

ఆపదొస్తే మాత్రం ఒకటే నంబరు,
నూట పన్నెండు, ఇక్కడా అక్కడా.
అదొక్కటీ ఆవిడ రాసుకోలేదు.

సాయంత్రం జగదాంబ దగ్గర ఎర్రలైటు.
బళ్ల సందుల్లోంచి జనం ఈదుకుపోతున్నారు.
చెప్పుల కొసలు తెల్లగీతకి ఆనించి
కదలకుండా ఆవిడ.
ఆటో ఆగింది, "ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ కాదు బాబూ,
ఆగడం నేర్చుకుంటన్నాను."