నాలుగు బారల లోతున

అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఇంజను ఆపేసి
కొల్లాటి గురవయ్య తాడు అందిస్తాడు.
ఇత్తడి సీసా, రెండు కొసలా మూతలు.
ఆగస్టు నెల. వానలో అంతర్వేది లైట్‌హౌసు సగమే ఉంది.
వశిష్ఠ ఎర్రగా, పంక్తికి ఆలస్యమైన చుట్టంలా
సముద్రంలోకి తోసుకుపోతోంది.

పైనీళ్ళు చేత్తో ముంచి నోట్లో పోసుకుంటాడు.
పుక్కిలించి ఉమ్ముతాడు.
"రెండండి."
మీటరు రెండున్నర అంటుంది.
లీటరుకి రెండున్నర గ్రాముల ఉప్పు,
పప్పుచారులో వేస్తే మా అమ్మ చప్పగా ఉందనేటంత.

సీసాని నాలుగు బారల లోతుకి దింపి
తాడు మీద బరువు జారవిడుస్తాను.
కింద మూతలు టక్కున పడ్డ సంగతి
తాడే నా అరచేతికి చెబుతుంది.
పైకి లాగితే ముప్ఫై.
ఒకే పడవ కింద రెండు నీళ్ళు,
ఒకదాని వీపు మీద ఒకటి, పలకరింపుల్లేకుండా,
పైది సముద్రానికి,
కిందది నర్సాపురం రేవు వైపు.

"ఇంకా కిందికెల్తే ఏటుంటాదండి?"

ఉంటుంది గురవయ్యా.
వల అందని చోట, వెయ్యి బారల కింది చీకట్లో
దక్షిణ ధ్రువం మంచు అంచున
ఉప్పుతో బరువెక్కి మునిగిన నీరు.
ఎండ మొహం చూడకుండా, నేల మీద పాక్కుంటూ
మన బంగాళాఖాతం దాకా వచ్చింది.
ఎన్నాళ్ళు పట్టిందంటే, వందల ఏళ్ళు.
లెక్క తేలక మావాళ్ళే పోట్లాడుకుంటారు.

చుట్ట ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.
"అయితే అది బయల్దేరేటప్పటికి
మా పల్లిపాలెం లేదన్నమాటండి. ఆయ్."

పుస్తకాల్లో దీన్ని గుండ్రంగా గీస్తారు.
సముద్రం, మబ్బు, కొండ, ఏరు, మళ్ళీ సముద్రం.
బాణం గుర్తులకి వాసనుండదు.
ఈ నీటికి ఉంది:
ప్రాణహిత గట్టున పత్తిచేలో కొట్టిన మందు,
శబరి ఒడ్డున కుళ్ళిన వెదురాకు.
ఎవరిదో రబ్బరు చెప్పు కూడా వచ్చింది, ఎడమకాలిది.
రావలసిన మట్టి మాత్రం రాలేదు,
ఎగువన ఆనకట్టల వెనక కూర్చుండిపోయింది.
ఆ సంగతి మాకన్నా ముందే కనిపెట్టిన సముద్రం
గురవయ్య పాత ఇంటి పునాదిని
ఏడాదికి మూడడుగుల చొప్పున చదువుకుంటూ పోయింది.

ఒక మాట ఆయనకి ఇంకా చెప్పలేదు.
ఈ చప్పటి నీరే సముద్రం మీద మూతలా పరుచుకుంటుంది.
మూత కింద వేడి పోదు,
పొంతకుండలో నీళ్ళలా.
అక్టోబరులోనో నవంబరులోనో
ఓ గాలి వచ్చి ఆ వేడిని తాగుతుంది.
తొంభై ఆరులో తాగినట్టు.
కొబ్బరిచెట్లకి మొవ్వులు మిగలని ఆ రాత్రి
వాళ్ళన్న సింహాద్రి పడవ తిరిగి రాలేదు.

ఏటిని ముద్దాయిని చెయ్యడం నా ఉద్యోగం కాదు.
ఆ సముద్రపు వాయుగుండమే ఇంకో ఏడాది
ఛత్తీస్‌గఢ్ అడవుల మీద కురిసి
ఇంద్రావతి దారిన ఇటే వస్తుంది,
మా వరి తడుపుతుంది,
పులసని ఎదురీతకి పిలుస్తుంది.

పోటు తిరిగింది.
లంగరేసిన పడవ ముక్కు తనంతట తనే మళ్ళింది.
ఆఖరి సీసా.
గురవయ్య వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని
చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.
"ఇరవయ్యొకటి."
మీటరు ఇరవై చూపింది.
తుడిచి మళ్ళీ పెట్టాను. ఇరవయ్యొకటి.

రిజిస్టరులో రిమార్కుల గడి ఎప్పుడూ ఖాళీయే.
ఇవాళ రాశాను:
మీటరు సరిచూడాలి.