ఒత్తులు తినే స్క్రిప్టు

ఔలులో నవంబరు. మూడున్నరకే చీకటి.
పై అంతస్తులో ఉంతో కీబోర్డు ముందు కూర్చుంటే
ఒక్కో అక్షరం మూడేసి సార్లు పడుతుంది.
కహ్వి అని కొడితే కకకహ్వ్వి.
కాఫీ కూడా వణుకుతుంది.

మంచు పగలగొట్టే ఓడలో
ఇరవై రెండేళ్లు మోర్స్ మీట నొక్కిన వేలు అది.
చుక్కకీ గీతకీ తేడా తప్పని వేలు.

ఓడ దిగినవాళ్లు ఏడుగురు మిగిలారు,
ఒక చాట్ గదిలో, బూడిదరంగు కిటికీలో.
పాత అప్లికేషన్. అందం లేదు, ఒక సుగుణం ఉంది:
నా స్క్రిప్టుని లోపలికి రానిస్తుంది.

పగలు వినికిడి మిషన్లు బాగుచేస్తాను,
రాత్రి ఇది రాశాను.
మొదటి వరుసలో పేరు, రెండో వరుసలో వెర్షన్,
మూడో వరుసలో ఏం పని మీద వచ్చావో,
కొత్త ఇంటి గడపలో చుట్టం చెప్పుకున్నట్టు.
తర్వాత ఒక కొక్కెం:
ఎంటర్ నొక్కగానే, వాక్యం బయటికి పోకముందే
నా చేతికి చిక్కాలి.
చివర్న రెండే జవాబులు.
పోనివ్వు. లేదా మింగెయ్యి.

ఒకే అక్షరం వరసగా వస్తే
ఒకటి ఉంచి మిగతావి మింగెయ్యి అన్నాను.
నాలుగు వరుసలు. గర్వంగా పడుకున్నాను.

మా భాషలో తూలి అంటే గాలి.
తులి అంటే నిప్పు.
రాతలో ఒక్క అక్షరం రెండోసారి రావడమే తేడా.

ఆ రాత్రి సముద్రం మీంచి తూలుతూ వచ్చింది గాలి.
కిటికీ దగ్గర గాలి, చాలా పెద్దది, అని రాశాడు ఉంతో.
కిటికీ దగ్గర నిప్పు, చాలా పెద్దది,
అని కెమిలో చదివింది హిల్క్కా.
(ఆమె పేరులో ఒత్తుని కూడా తినేసింది నా స్క్రిప్టు.)
పదకొండు నిమిషాల్లో ఫైరింజను.
మేజోళ్లతో తలుపు తీశాడట.
వచ్చిన నలుగురికీ కాఫీ పోశాడట, సగం సాసర్లోకి.

ఎలకల మీద కోపంతో ఇల్లు తగలెట్టడం అంటే ఇదే.

తలదించుకుని వెళ్తే నవ్వాడు.
"అక్షరాన్ని చూస్తావేం ఇర్యా,
మధ్యలో ఖాళీని చూడు.
చుక్కా గీతా వేరయ్యేది అక్కడే."

మూడు రాత్రులు అతను మీటలు నొక్కాడు, నేను కొలిచాను.
అరవై మిల్లీసెకన్ల లోపు వచ్చింది వణుకు.
అది దాటి వచ్చింది ఉంతో.

వెర్షన్ రెండు.
గాలి గాలిగా వెళ్లింది, నిప్పు నిప్పుగా.
డిసెంబరంతా ఒక్క తప్పు లేదు.

జనవరిలో హిల్క్కా ఫోన్ చేసింది.
"చక్కగా రాస్తున్నాడు. అందుకే చేశాను.
మందు వేసుకున్న పూట రెండు అక్షరాలు వచ్చేవి,
మరిచిపోయిన పూట ఐదు.
నిద్ర లేకపోతే మొదటి అక్షరమే సాగేది.
ఎలా ఉన్నావని ఏనాడూ అడగలేదు నేను, అవసరం పడలేదు.
ఇప్పుడు అచ్చేసిన పుస్తకంలా ఉన్నాడు.
పుస్తకానికి ఒంట్లో ఎలా ఉందో
ఎవర్ని అడగమంటావు?"

పైకి వెళ్లి చెప్పాను.
చాలాసేపు కప్పులోకి చూశాడు.
"లెక్కపెడుతోందా," అన్నాడు.
డెబ్బై ఆరేళ్ల మనిషి, చెవులు ఎర్రబడ్డాయి.

వెర్షన్ మూడులో ఒక్కటే కొత్త వరుస:
కిటికీ హిల్క్కాది అయితే
దేన్నీ ముట్టుకోకు, పోనివ్వు.

పక్కన వ్యాఖ్య ఒకటి ఉండాలన్నాడు,
యంత్రం చదవనిది, మనుషుల కోసం పెట్టేది.
తనే కొడతానన్నాడు. కుర్చీ వదిలాను.
నేను కోడు రాసే చోట స్క్రిప్టు పనిచెయ్యదు.
అలాగే ఉంచాను:

# ఇఇఇది తీసెయ్యొద్ద్ద్దు