ఏ పక్కకు తిరిగి

"మెత్తగా కావాలా మేడం, గట్టిగానా?"
పరుపుల షాపులో పిల్లోడు అడిగినాడు.
ఇరవై రెండేండ్లుగా
ఆదోని డిపోలో టికెట్లు కొట్టేదాన్ని.
"యాడికి?" అని అడిగేది నేను.
నన్నెవరూ ఏమీ అడగరు,
చిల్లర తప్ప.

అరియర్సు డబ్బులు కొంగు మూటలో.
నాలుగు మంచాలు, నాలుగు రకాలు.
"పండుకోని చూడండి" అన్నాడు.
చెప్పులిడిచి కూచున్నా,
చానాసేపు కూచునే ఉన్నా.
అద్దాల అవతల కర్నూలు బజారంతా
నన్నే చూస్తున్నట్లుంది.
పట్టపగలు, నలుగురి ముందర
ఆడది నడుము వాల్చడం
మా ఇంట్లో జ్వరమొస్తేనే.

తర్వాత పండుకున్నా.

మొదటిది స్పంజి.
చానాళ్ళకొచ్చిన చుట్టం మాదిరి కావిలించుకుంది,
వదల్లేదు.
నల్లరేగడిలో వానకు దిగబడిన చక్రమట్ల
నడుము అడుక్కు పోయింది.
పక్కకు తిరగాలంటే
ముందు లేసి, మళ్ళీ పండుకోవాల.
వేడి కూడా,
ఏప్రిల్లో ఇంజను మూత మీద కూచున్నంత.

స్ప్రింగుది
పత్తికొండ రోడ్డు.
వెనక సీటు.
ఇంకేం చెప్పేది.

కొబ్బరి పీచుది నచ్చింది, రెండు నిమిషాలు.
ఎల్లకిల పండుకుంటే సుఖం.
పక్కకు తిరిగితే
బేతంచెర్ల బండకు తగిలినట్లు
భుజమెముక కలుక్కుమంది.

నాలుగోది రబ్బరు పాలతో చేసిందంట.
బాగుంది.
అబద్ధమెందుకు, చానా బాగుంది.
ధర చూసి లేసినా.

మా ఆయన హనుమేసుకు మెత్తదే కావాల.
"దినమంతా జిన్నింగు మిల్లులో బేళ్ళు మోసినోన్ని,
రాత్రన్నా దిగబడనీ" అంటాడు.
నాది నిలబడి నిలబడి
నేలకు అలవాటైన ఒళ్ళు.
ఒక మంచం, రెండు నడుములు.
ఏ షాపోడూ దీనికి లెక్క చెప్పల్యా.

తిరిగొచ్చి
దూదేకుల దస్తగిరిమామ కాడికి పోయినా.
మిషనొచ్చినాక విల్లు గోడకు తగిలించినాడు.
నార తెగల్యా, దుమ్ము పట్టింది, అంతే.
ఆయన పండుకోమనల్యా.
"ఏ పక్కకు తిరిగి పండుకుంటావు పాపా?"
అన్నాడు, పిడికిట్లో దూది పిసుకుతా.

చెప్పలేకపోయినా.
నలభై ఆరేండ్లొచ్చినాయి,
ఏ పక్కకో నాకు తెలీదు.
ఒకప్పుడు పాలు తాగే బిడ్డ పక్కకు,
కరెంటు పోతే కిటికీ పక్కకు,
ఫస్టు బండి డ్యూటీ పడితే అలారం పక్కకు.
మామ నగల్యా.
"వారం చూసుకోని చెప్పు" అని
టీ తెప్పించినాడు.

వారం చూసినా.
నడిరాత్రి నాకు నేనే చెకింగు.
ఎడమ పక్క.
సంచి తగిలించుకోని పక్క.

అప్పుడు కుట్టినాడు,
ఒకటే చారల గుడ్డలో.
ఆయన వైపు బూరుగు దూది, వదులుగా.
నా వైపు నాటు పత్తి, దట్టంగా,
బెత్తెడుకొక కుట్టు.
"ఆర్నెల్లకు ముద్దగడుతుంది,
ఎండకేసి కొట్టుకోవాల" ముందే చెప్పినాడు.
షాపోడిది పదేండ్ల గ్యారంటీ,
మామది ఎండ గ్యారంటీ.
మా ఊర్లో దానికేం కరువు?

మొదటి రాత్రి దీపమార్పి
తారుమారుగా పండుకున్నాం.
"ఇదేంది, బండ?" అని ఆయన.
"ఇదేంది, బురద?" అని నేను.
చీకట్లో మోకాళ్ళు తగిలించుకుంటా
జాగాలు మార్చుకున్నాం.

తెల్లారి చెప్పినాడు,
నిద్దట్లో నేను
"రైట్, రైట్" అన్నానంట.
ఎడమ పక్కకు తిరిగి.