బద్ద

బందరువానిపేటలో పడవలు ఒడ్డెక్కిన మధ్యాహ్నం
సూరాడ ఎర్రయ్య కాలి బొటనవేలికి వల తగిలించుకుని
తెగిన కన్నులు అల్లుతున్నాడు.
ఇసుక మీద గెలాక్సీల పటం పరిచాను,
నాలుగు మూలలా నాలుగు గుల్లలు పెట్టి.

మూడేళ్ల పని. లక్షల చుక్కలు.
దారాల్లా సాగి, ముడుల్లా చిక్కబడి,
మధ్యలో ఏమీ లేని పెద్ద పెద్ద ఖాళీలు.

చుట్ట పక్కన పెట్టి వంగి చూశాడు.
"ఎవులల్లినారు పాపా? ముడి బాగుంది గానీ
కన్ను ఒకలాగ నేదు."
కాసేపాగి,
"బద్దేది?"

సెమినార్లలో ఈ ప్రశ్న చివరికి గానీ రాదు.
వల అల్లేవాడికి అదే మొదలు:
కన్నుకి కొలత పెట్టే వేలెడు వెదురు ముక్క.

ఉందన్నాను.
లోకం ఇంకా ఉడుకుతున్న గంజిలా ఉన్నప్పుడు
అందులో ఒక చప్పుడు గుండ్రంగా పరుగెత్తింది.
గంజి చల్లారింది. చప్పుడు ఎక్కడిదక్కడ నిలిచిపోయింది.
అది ఆగిన చోట, చాలాకాలం తరవాత,
గెలాక్సీలు కొంచెం ఎక్కువ పుట్టాయి.
కొంచెమే.
లక్షలు లెక్కపెడితే గానీ తేలనంత.
ఆ దూరమే మా బద్ద,
ఇవాళ్టికి దగ్గర దగ్గర యాభై కోట్ల కాంతి సంవత్సరాలు.

ఆయన యాభై కోట్లను పట్టించుకోలేదు.
పాత వలొకటి లాగి, కన్నులో బద్ద దూర్చి చూపించాడు.
వదులు.
"సాగిపోనానని వల సెప్పదు పాపా.
బద్ద సెప్తాది."

పన్నెండు పేజీల్లో నేను రాసిందీ అదే.
దగ్గరి గెలాక్సీల మీద ఒకసారి, దూరపు వాటి మీద ఒకసారి
అదే కొలత పెట్టి చూస్తాం,
ఏ కాలానికి ఎంత సాగిందో.
నెమ్మదించాల్సింది, బరువున్నవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి కదా.
జోరెక్కింది.
ఏదో తోస్తోంది. పేరు పెట్టాం, మొహం చూడలేదు.

"అడుగునీరు," అన్నాడు.
"పైకి అద్దంలాగుంటాది.
వలేస్తే గానీ తెల్దు, ఎటు లాగతందో."

ఈమధ్య ఆ తోపు సడలుతోందేమోనని కొన్ని లెక్కలు.
నమ్మాలో వద్దో ఇంకా తెలీదన్నాను.

చేతిలో బద్దని బొటనవేలితో తడిమాడు.
ముప్పై ఏళ్లు దారం ఒరిసి
ఒక అంచు పల్లం పడింది.
"మరి మీది అరగదా?"

గాలికి ఒక గుల్ల దొర్లి, పటం మూల లేచింది.
ఎర్రయ్య దాన్ని మడమతో తొక్కిపట్టి
ముడి వేస్తూనే ఉన్నాడు.