బయట

బయటుంది అంటారు మా ఇంట్లో.
అవును, బయటే ఉన్నాను.
సిరిపురం రింకులో, నున్నటి సిమెంటు మీద,
వీపున పదిహేడో నంబరుతో,
రెండో రోజున.

నేల మీద తెల్లరంగుతో గీసిన వలయం.
గీత మీంచి చక్రం తొలగకూడదు, అంతే పోటీ.
పాట లేదు, గెంతడం లేదు.
ఒంటికాలి మీద, నెమ్మదిగా,
గీత ఎటు తీసుకెళ్తే అటు.

జడ్జి గారూ,
మీరు నా వెనకే నడుస్తున్నారు
నడుం వంచి, అట్ట మీద పెన్సిలు ఆనించి.
మీరు చూసేది చక్రాన్నే అని తెలుసు.
తెలిసినా
నా నడుం కిందంతా కళ్ళు మొలిచాయి,
మిమ్మల్ని చూస్తున్నాయి.

తెలుపే వెయ్యాలన్నారు చిట్టిబాబు సారు,
లైట్ల కింద తేలుతుందట.
మంచివారే. మోకాలు చెక్కుకుపోతే
తన కర్చీఫే చింపి కట్టేస్తారు.
ఆ నెత్తురంటే జంకు లేదు.
ఈ నెత్తురు మాట ఎత్తితే మాత్రం
మెడలో విజిలు సర్దుకుంటారు.

నాయనమ్మ మాత్ర తెచ్చింది,
సింహాచలం కొండెక్కే ముందు కోడళ్ళకి పంచే మాత్ర.
"వారం ఎనక్కెల్తాది" అంది.
పోయినేడు మింగాను.
వెనక్కెళ్ళింది నిజమే, నేనూ వెళ్ళాను,
నీళ్ళు పట్టిన ఒంటితో పద్నాలుగో స్థానానికి.

సీనియర్ సునందక్క కప్పు వాడమంది.
నాన్న పక్కగదిలోంచి విని మురిసిపోయాడు,
కప్పంటే గెలిచి తెచ్చేదనుకుని.
అమ్మా నేనూ నవ్వాపుకోలేక చచ్చాం.
కొన్నాం కానీ, ఇంకా ధైర్యం చాల్లేదు,
బీరువాలో ఉంది, ఖాళీగా, ఏ పేరూ చెక్కకుండా.

రింకు వెనక బాత్రూముకి గడియ లేదు.
షబానా తలుపుకి వీపానించి నిలబడింది
కాళ్ళకున్న స్కేట్లు విప్పకుండానే,
జారుతూ, మళ్ళీ ఆనుతూ,
ఎనిమిది చక్రాల కాపలా.
లోపల నేను ఒంటిముక్క డ్రెస్సుని
భుజాల నించి అరటితొక్కలా ఒలుచుకుంటూ
మైకులో పదమూడు, పద్నాలుగు వింటూ.

ఇప్పుడు రెండో వలయం.
పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండుతున్నారు.
తొడల దగ్గర తడి.
చెమటో, అదో.
ఈ ఊళ్ళో అన్నీ తడిగానే ఉంటాయి,
రాతి గోడా, ఉప్పు డబ్బా, ఆరేసిన టవలూ.
ఏ తడి ఎవరిదో ఇక్కడ పట్టుకోవడం కష్టం.

నొప్పి లేచినప్పుడు మోకాలు ఇంకాస్త వంచాను.
ఏడాదిగా సారు గొంతు చించుకుంటున్నది
ఆ వంపు కోసమే.
దూరంగా ఆయన చప్పట్లు.

అంతలో సముద్రం వైపు నించి గాలి.
స్కర్టు ఎగిరింది.
జడ్జి గారూ, మీ పెన్సిలు ఆగింది, విన్నాను.

పూర్ణా మార్కెట్లో అర మీటరు గుడ్డ,
ముదురు వంకాయరంగు.
రాత్రి అమ్మ ఆకులా కత్తిరించి
తెల్లటి డ్రెస్సుకి వెనకవైపు,
స్కర్టు చాటున కుట్టింది.
ఎందుకని నేను అడగలేదు.
అమ్మ చెప్పలేదు.
నోట్లో గుండుసూదులున్నాయి కదా,
అందుకని అనుకున్నాను.

పెన్సిలు మళ్ళీ కదిలింది.
గీత పూర్తయ్యింది.

నాలుగో స్థానం.
పతకం లేదు, ఫొటోలో చివర సగం భుజం.
స్కేట్ల లేసులు విప్పుతుంటే
గాజువాక క్లబ్బు పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో,
వచ్చి చెవిలో అడిగింది:
"అక్కా, గాలికి లోపల్నించి రంగు మెరిసిందే,
ఆ డిజైను ఎక్కడ చేయించావు?"

కంచరపాలెం, అన్నాను.
ఇంకేం చెప్పాలో తెలీక
ఇంటి నంబరు కూడా చెప్పాను.

ఈ ఆదివారం మా అరుగు మీద అయిదుగురు తల్లులు,
అయిదుగురు పిల్లలు, ఒకే డిజైను.
అమ్మ టేపు మెళ్ళో వేసుకుని
నడుం కొలతలు రాసుకుంటోంది.
రాసి, ఆగి,
నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి
దిండుకి గుచ్చి,
ఒక్కో తల్లినీ పక్కకి పిలిచి
మెల్లగా అడుగుతోంది:

"మీ పాపతో ఎప్పుడైనా మాటాడేరా, అమ్మా?"