ఆగుతాడు

నా ఉద్యోగం నేల కింద.
కుతాయిసీ నాటకశాలలో, వేదిక అంచున,
తాబేటి చిప్పలాంటి పెట్టెలో మెడదాకా కూర్చుని
నటులు మరిచిపోయిన మాట అందిస్తాను.
జనం వైపు నా వీపు.
వాళ్ల దగ్గులు తెలుసు, ముఖాలు తెలియవు.
ఎల్గుజా బూట్లు మాత్రం
అతని ముఖం కన్నా బాగా తెలుసు.

పంతొమ్మిదేళ్లుగా అతను తాళ్లవంతెన కాపలాదారు.
అవతలి గట్టున శత్రువుల దండు. వంతెన మీద ఏడుగురు మనవాళ్లు,
ఏడుగురిలో ఒకడు సొంత తమ్ముడు.
మొదటి అంకంలోనే ద్రాక్షతోట గట్టు కోసం
అన్నదమ్ములిద్దరూ చొక్కాలు చింపుకున్నారు.
రాసినవాడు ఆ సంగతి మనల్ని మరవనివ్వడు.
మూడో అంకంలో గొడ్డలి లేస్తుంది.
రాతప్రతిలో అక్కడ ఒకే మాట:
(ఆగుతాడు)
ఎంతసేపో రాయలేదు. ఎందుకో రాయలేదు.
తర్వాత "నదీ, నువ్వేం చూడలేదు" అంటాడు.
గొడ్డలి పడుతుంది. ఊరు మిగులుతుంది.

చేపలమ్మే జుజునా అతనికి చేప అమ్మదు.
"తమ్ముణ్ణి మింగినోడికి ఇంకా ఆకలేనా?"
పక్క వరసలో పళ్లావిడ డబ్బు తీసుకోదు.
"మా ఇల్లు ఇవతలి గట్టునే ఉందయ్యా" అంటుంది.
నాటకంలో ఆ ఊరికి పేరే లేదు.
అతను ఇద్దరికీ ఒకేలా తల వంచి
"నేను నటుణ్ణమ్మా" అంటాడు.
ఇద్దరూ నమ్మరు.

బడిపిల్లల్ని తెచ్చిన టీచరమ్మ
ఆట అయ్యాక చేతులెత్తించింది.
మంచివాడనేవాళ్లు ఒకసారి, కాదనేవాళ్లు ఇంకోసారి.
ఒక పిల్ల రెండుసార్లూ ఎత్తినట్టుంది.
"ఒక్కసారే ఎత్తాలి" అంటే
"అయితే ఏది దించను?" అని అడగడం
పెట్టెలోంచి విన్నాను.

యుద్ధంలో చెయ్యి వదిలేసి వచ్చిన కుర్రాడొకడు
వరసగా మూడు రాత్రులు టికెట్టు కొన్నాడు.
మూడో రాత్రి వెనక గుమ్మం దగ్గర కాపేశాడు.
"మొన్న నాలుగు సెకన్లు ఆగావు. నిన్న ఆరు. ఇవాళ మూడు.
ఏది నిజం?"
ఎల్గుజా సిగరెట్టు తీసి, తనే వెలిగించి ఇచ్చాడు.
జవాబివ్వలేదు.
ఆ రాత్రి నుంచీ నేను పెన్సిలుతో
ఆ మాట పక్కన అంకెలు వేస్తున్నాను.

నన్నడిగితే?
నన్నెవరూ అడగరు.
మా అమ్మ ఒక చలికాలపు రాత్రి తలుపు తియ్యలేదు.
తట్టిందెవరో చెప్పలేదు,
ఎన్నిసార్లు తట్టారో చెప్పింది.
ఆవిడ వీపు వెనక పడుకున్నది నేను.
వెచ్చగా.

పోయిన శుక్రవారం గొడ్డలి లేచి
లేచినచోటే ఉండిపోయింది.
బూట్లు కదల్లేదు. ఎడమ మడమ మాత్రం కొంచెం వణికింది.
మరిచిపోయాడా?
మాట నా నాలుక చివరే ఉంది.
అందించడం నా పని. జీతం దానికే.
అందించలేదు.
వెనకెక్కడో ఎవరో "వద్దురా" అన్నారు, దాదాపు తమలో తాము.
దాని మీద ఇంకో గొంతు,
రోజూ బజారులో తక్కెళ్ల మీదుగా వినిపించే గొంతు:
"కొట్టు! ఏం చూస్తావ్, కొట్టు!"

నదితో ఏమీ అనకుండానే కొట్టాడు.
ఏడు కర్రబొమ్మలు నీలిగుడ్డలోకి జారాయి.
చాలాసేపు చప్పట్లు లేవు.

శనివారం జుజునా నన్ను పిలిచి
పాత పేపర్లో రెండు చేపలు చుట్టి ఇచ్చింది.
"ఒకటి ఆయనకి. నా పేరు చెప్పకు."
తలెత్తలేదు.
పొలుసు తీసేసిన చేపనే
మళ్లీ గీకుతూ కూర్చుంది.

ఎల్గుజా తిన్నాడు, ముళ్లు ఒక్కొక్కటీ పళ్లెం అంచున పేర్చుకుంటూ.
ఎవరిచ్చారని అడగలేదు.
నిన్న మాట ఎందుకు అందించలేదనీ అడగలేదు.

రాతప్రతి తెరిచాను.
నాలుగు, ఆరు, మూడు, అయిదు, మళ్లీ మూడు...
శుక్రవారం దగ్గర ఖాళీ.
లెక్కపెట్టడం మరిచిపోయాను.