పద్నాలుగు డిగ్రీలు

ప్యాకింగ్ షెడ్డులో నారింజపండ్లను మోసే గొలుసులకి
వైద్యం చేసేది నేనేనని ఎవరో చెప్పారట.
"ఏ గొలుసైనా గొలుసేగా" అంటూ వచ్చింది గ్లెనిస్ ఫిట్జ్నర్,
రెన్‌మార్క్‌లో, జులై చలిలో,
మర్రే నది ఇంకా మంచు దుప్పటి తియ్యకముందే.

డెబ్భై తొమ్మిది నాటి ఫోర్డు ట్రక్కు.
ఒక తలుపు నీలం, రెండోది వేరే బండిది.
ముందే ముగ్గురు చూశారు.
ఒకడు కార్బురేటర్ మార్చాడు,
ఒకడు ప్లగ్గులూ కాయిలూ.
మూడోవాడు చేతులు తుడుచుకుని
ముసలి బండ్లు అంతేనమ్మా అని డబ్బు తీసుకున్నాడు.
పంటి నొప్పికి చెవిలో చుక్కలు.

తాళం తిప్పింది.
రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు
నాలుగు క్షణాలు మోగి, సర్దుకుంది,
చుట్టాలు గుమ్మంలోకి రాగానే
తగువు మింగేసిన మొగుడూ పెళ్ళాల్లా.
"ఎన్నాళ్ళనుంచి?"
"ఎప్పుడూ ఇంతే."

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ముందు కవరుకి ఆనించి
పిడిని చెవి వెనక ఎముకకి నొక్కాను.
లోపలినుంచి ఏదో గోడ గీరుతోంది.
టైమింగ్ లైటు వెలుగులో గీత ఒకచోట నిలవదు.
యతి తప్పిన చోట గబగబా చదివి దాటేసే
పిల్లవాడి కళ్ళలా అటూ ఇటూ.

ఇంజను ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి
టార్చి గ్లెనిస్ చేతికిచ్చాను.
"లోపలి రోటరు కదలగానే చెప్పు."
క్రాంకు బోల్టుకి సాకెట్ తగిలించి ముందుకి తిప్పాను.
కదిలింది, అంది.
సుద్దతో గుర్తు పెట్టి, ఇప్పుడు వెనక్కి.

రెండు డిగ్రీలు. లేదు.
ఐదు. లేదు.
ఎనిమిది దగ్గర కళ్ళద్దాలు పైకి తోసుకుంది.
పది. నా చెయ్యి తిరుగుతూనే ఉంది,
పైన ఎవరికీ ఆ కబురు అందలేదు.
పన్నెండు.
పద్నాలుగు దగ్గర "ఆఁ" అంది,
గాఢనిద్రలో పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు.

షెడ్డులో నా గొలుసులు కళ్ళెదుటే ఉంటాయి.
సాగితే వేలాడతాయి, వేలాడితే ఒక లంకె తీసేస్తాను.
ఇది ఇనుప మూత వెనక, చీకట్లో, నూనెలో,
కింద తిరిగేదాని మాట పైన తిరిగేదానికి మోస్తూ
ఏ ఒక్కరోజూ కాకుండా
వెంట్రుకవాసి, వెంట్రుకవాసి సాగింది.

రేడియేటర్, ఫ్యాను, నీళ్ళ పంపు.
మధ్యాహ్నం మూడింటిదాకా విప్పడమే.
ఒక బోల్టు విరిగింది. దాని సంగతి రాయను.

కవరు ఊడాక వేలితో తాకితే గొలుసు ఊయల.
పై చక్రానికి నైలాన్ పళ్ళు, సగం లేవు.
నూనె తొట్టి దించితే అడుగున దొరికాయి,
డికాక్షన్ రంగుకి తిరిగి.
గ్లెనిస్ ఒకదాన్ని కోటు అంచుకి తుడిచి
వెలుతురుకి పట్టి చూసింది.
"ఇవి లేకుండానా నేను నిరుడు లాక్స్టన్ వెళ్ళొచ్చింది?"
ఏం చెప్పను. వెళ్ళొచ్చింది మరి.

కొత్త గొలుసు, ఈసారి ఉక్కు పళ్ళు.
కింది చక్రం మీద ఒక చుక్క, పైదాని మీద ఒకటి,
రెండూ ఎదురెదురుగా చూసుకోవాలి.
ముగ్గులో చుక్క జరిగితే చేత్తో చెరిపి మళ్ళీ పెడతాం.
ఇక్కడ ఒక్క పన్ను జరిగినా బండి ఒప్పుకోదు.
మూడుసార్లు చూశాను, నాలుగోసారి ఆమెని చూడమన్నాను.

మర్నాడు తాళం తిప్పి, వెంటనే మళ్ళీ తిప్పబోయింది.
"ఆగు, నడుస్తోంది!" అని అరిచాను.

వారానికి ఒక సంచీ నారింజలతో వచ్చింది,
నారింజల షెడ్డులో పనిచేసే నాకు.
బండి బాగుందా అన్నాను.
బండి బాగానే ఉందట. కుక్కే.
ఆ గులకరాళ్ళ మోత వినగానే గేటుదాకా పరిగెత్తేది,
ఇప్పుడు వాకిట్లో ఆగినా వరండా దిగడం లేదట,
పరాయి బండనుకుని.

అందుకని మలుపు దగ్గర
హారన్ కొట్టడం మొదలుపెట్టింది.